మూడు మెట్లు, ఒక మొహం

గనిలోంచి పైకి లాగే కేజ్ జాలీ తలుపుకి గడియ పడగానే ఆమె ముందు మొగుడి చెవి వైపు చూసింది. మొహం వైపు చూసి లాభం లేదని ఎప్పుడో తేలిపోయింది. మొహాన్ని ఆ మనిషి అదుపులో పెట్టుకోగలడు గానీ చెవుల్ని పెట్టుకోలేడని, ఏదైనా దాస్తున్నప్పుడు ఎడమ చెవి తమ్మె ఎర్రబడుతుందని ఆమె సిద్ధాంతం. దానికి ఆధారం పెళ్ళికి ముందెప్పుడో జరిగిన ఒకే ఒక్క సంఘటన. ఒక్క సంఘటనని పట్టుకుని సిద్ధాంతాలు కట్టకూడదని కొత్తగా చేరినవాళ్ళకి క్లాసు పీకేదీ ఆమే, సరే, అది వేరే సంగతి. ఇవాళ హెల్మెట్ పట్టీ సరిగ్గా ఆ తమ్మె మీదుగా వెళ్ళింది. కావాలనే అలా బిగించుకున్నాడా? రోజూ అలాగే ఉంటుందా? ఇన్నేళ్ళుగా ఈ ఇనప బోనులో పక్కపక్కనే నిలబడి దిగుతూ ఎక్కుతూ ఉన్నారు, పట్టీ ఎక్కడుంటుందో ఎప్పుడూ చూడలేదు, చూడని ఆ రోజులన్నీ ఇప్పుడు దండగైపోయాయి. కేజ్ ఒక్క కుదుపు కుదిపి పైకి కదిలింది. కాళ్ళ కింద గని, తల మీద రాయి, ఆ రాయి మీద ఎక్కడో వెలుతురు, ఆ వెలుతుర్లో ఒక మీటింగు గది, ఆ గదిలో జట్టు జట్టంతా కుర్చీలు లాక్కుని కూర్చుని వీళ్ళిద్దరి కోసం చూస్తోంది. పొద్దున్నే కిందకి దిగి, మెరుపులు పట్టే యంత్రం తొట్టి చూసి రావడం ఇవాళ వీళ్ళ వంతు. వంతు మార్చుకుంటామంటే ఎవరైనా ఒప్పుకునేవాళ్ళే. ఇతనే వద్దన్నాడు, రోజూ చేసే పనేగా అన్నాడు. రోజూ చేసే పనే అంటే ఇవాళ కూడా మామూలు రోజే అని. మామూలు రోజే అని అతనికి ముందే తెలుసంటే... ఆపు, అనుకుంది. ఆగలేదు.

పైకి వెళ్ళగానే అతను లాప్‌టాప్ ముందు కూర్చుని ఉప్పు తీసేస్తాడు. వీళ్ళ పనిలో ఉప్పు వేయడం అని ఒక అలవాటు ఉంది. ఏళ్ళ తరబడి ఒకేదాని కోసం కళ్ళు కాయలు కాచేలా చూసేవాళ్ళకి ఏది కనపడినా అదే అనిపిస్తుంది కాబట్టి, యంత్రం ఇచ్చే అసలు మెరుపుల్లో ఒక మనిషి ఎవరికీ చెప్పకుండా కొన్ని దొంగ మెరుపులు కలిపేస్తాడు. ఏది అసలో ఏది దొంగదో తెలియక మిగతావాళ్ళు ప్రతిదాన్నీ అనుమానంగా, బుద్ధిగా చూస్తారు. పనంతా ముగిసి, ఇక ఎవరూ ఏ లెక్కా దిద్దడానికి వీల్లేదని తలుపులు మూసేశాక, ఆ మనిషి తన దొంగ సరుకు తీసేసుకుంటాడు. మిగిలింది నిజంగా యంత్రం చూసింది. ఒక్కోసారి ఏమీ కలపకుండానే కలిపినట్టు కూర్చుంటాడు, అదీ ఆటలో భాగమే. ఆ మనిషిని అందరూ ఉప్పాయన అంటారు. ఈసారి ఉప్పాయనగా ఎవర్ని పెడదామా అని చూస్తే, మొహంలో ఏమీ కనపడనివాడు జట్టు మొత్తంలో ఒక్కడే తేలాడు, అతనికి ఆ మెరుపుల్ని లెక్కగట్టే మనిషితోనే పెళ్ళైంది. జట్టుకి పెద్ద దిక్కు, అందరూ పెద్దావిడ అని పిలిచే ఆవిడ, ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి, "కూరలో ఉప్పు గురించి ఎంతైనా పోట్లాడుకోండి, ఈ ఉప్పు ఊసు మాత్రం ఇంట్లో ఎత్తకండి" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అప్పటికి మెట్లు కనపడలేదు కదా, నవ్వక ఏం చేస్తుంది.

మెట్లు. జాలీ అవతల తడి రాయి కిందకి జారిపోతోంది, చూపు దాని మీదే ఉంది, కనపడేది మాత్రం తెర మీది గీత, ఆ గీత మీద లేచిన మూడు బొడిపెలు. కళ్ళు మూసుకున్నా అవే, పళ్ళెంలో వేలితో గీసినా అవే. లోకంలో ఉన్న పదార్థంలో చాలా భాగం కనపడదు, నక్షత్రాలు తిరిగే జోరు చూస్తే ఏదో వాటిని చెదిరిపోకుండా పట్టుకుందని తెలుస్తుంది, పట్టుకున్న చెయ్యే కనపడదు. ఆ చెయ్యి మనకి తెలియని ఇంకో దిక్కులోంచి చాపిందేమో అన్నది ఒక ఊహ. ముందువెనకలు, పక్కలు, పైకిందలు, కాలం, ఇవి కాక ప్రతి చోటా చుట్ట చుట్టుకుని, సూది మొన కంటే ఎంతో ఎంతో చిన్నగా దాక్కున్న ఐదో దిక్కు. చిన్నప్పుడు తమ్ముడి బొంగరం నున్నటి గచ్చు మీద ఎంత జోరుగా తిరిగేదంటే అసలు తిరుగుతున్నట్టే ఉండేది కాదు. నిద్రపోయిందే అక్కా అనేవాడు. నిద్రపోతోంది కదా అని వేలు పెడితే ఎగిరొచ్చి కాలి మీద పడింది, గోరు నల్లబడి రాలిపోయింది. ఐదో దిక్కులో గిరగిరా తిరిగే రేణువు కూడా అంతే, మనకి కదలకుండా ఉన్నట్టే ఉంటుంది, తిరగడంలో ఉన్న జోరంతా మన దగ్గర బరువుగా తేలుతుంది. పైగా ఆ బరువు ఇష్టమొచ్చినంత ఉండటానికి లేదు. చేతి గాజు చుట్టూ పువ్వులు చెక్కితే ఒకటి పట్టాలి, రెండు పట్టాలి, మూడు పట్టాలి, రెండున్నర పువ్వులు చెక్కితే మొదలూ చివరా కలిసిచావవు. అందుకని ఆ బరువులు మెట్లలాగా రావాలి, అన్ని మెట్లూ ఒకే ఎత్తు. ఆ రేణువు ఎప్పుడైనా వచ్చి కింద గని కడుపులో చల్లగా కూర్చున్న ద్రవ జెనాన్ తొట్టిలో ఇంకిపోతే, దాని బరువంతా ఒక్క మెరుపైపోతుంది. ఎంత బరువుకి అంత మెరుపు. మెరుపులన్నిటినీ వెలుగు కొద్దీ వరసగా పేర్చి చూస్తే ఒకచోట ఒక గుంపు, అంతే ఎడంలో ఇంకో గుంపు, మళ్ళీ అంతే ఎడంలో మరోటి. ఆమె చూసింది అదీ. ఆ రోజు నుంచి జట్టు ఆమెని మెట్లమ్మ అంటోంది. మెట్లమ్మా, ఉప్పాయనా ఒకే ఇంట్లో. ఎవరైనా కథ రాస్తే అతిగా ఉందనేవాళ్ళు.

కేజ్ ఆగింది. ముందు ఆగిందని తెలియలేదు, రాయి జారడం మానేసింది అనుకుంది, తర్వాత నడినెత్తిన ఉన్న బల్బు పోయింది.

"కరెంటు లైను మారుస్తున్నారమ్మా," అన్నాడు కేజ్ నడిపే పెద్దాయన, మూలనుంచి. "పొద్దున్నే చెప్పారు నాకు. మీకు చెప్పడం నేనే మర్చిపోయా."

"ఎంతసేపు?"

"వాళ్ళ టీలు అయ్యేదాకా." ఫోనెత్తి పైవాళ్ళతో ఏదో అన్నాడు, పెట్టేశాడు. "మీ టోపీ లైట్లు ఆపెయ్యండి. ఆగినప్పుడు ఒక్కటే వెలగాలి, అదీ ఫోను మీదే ఉండాలి. గని రూలు."

ఆపేశారు. ముందు ఆమె, తర్వాత అతను. అతను ఎందుకు ఆలస్యంగా ఆపాడు? పెద్దాయన లైటు ఫోను మీద చిన్న పసుప్పచ్చ గుండ్రం వేసింది, మిగతా బోనంతా మసి. ఇన్ని నెలల్లో మొదటిసారి, మొగుడు పక్కనే ఉండి అతని మొహం కనపడకపోవడం. చూడటానికి ఏమీ లేకపోయేసరికి ఆమెకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబులో పెట్టుకుంది, తీసింది, జాలీ పట్టుకుంది, జాలీ చల్లగా జిగటగా ఉంది, మళ్ళీ జేబులో పెట్టుకుంది. పైన కూర్చున్నవాళ్ళు ఈపాటికి బిస్కెట్ల పెట్టె తెరిచేసి ఉంటారు. పెద్దావిడ గడియారం తీసి బల్ల మీద పెట్టి ఉంటుంది, ఆవిడకి కంగారొస్తే అదే చేస్తుంది. ఎక్కడో నీళ్ళు బొట్లు పడుతున్నాయి, లెక్కపెట్టబోయి మానేసింది, లెక్కపెడితే అందులో కూడా మెట్లు కనపడతాయని భయమేసింది.

మొదట గుర్తొచ్చింది ఎప్పటిలాగే 'మంచిదే'. మూడో మెట్టు తేలిన ఆ పొద్దున డ్యూటీ దిగి వీధంతా పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా లోపలికెళ్ళి, స్నానాల గది గుమ్మంలో నిలబడ్డ మొగుడికి రెండు చేతులూ ఎత్తి మూడేసి వేళ్ళు చూపించి గెంతింది. ముప్పై దాటిన మనిషి, గచ్చు అదిరేలా. అతను ఆమెని చూసి, "మంచిదే" అన్నాడు. అంతే. అటూ ఒరగకుండా ఇటూ ఒరగకుండా, నీళ్ళగ్లాసు బల్ల మీద పెట్టినట్టు పెట్టాడు ఆ మాటని. వెనక్కి తిరిగి పంపు తిప్పుకున్నాడు. ఆ మాటని ఆమె అప్పట్నుంచి ఎన్నిసార్లు విప్పి చూసిందో, మడత పెట్టిందో, 'మంచి' వరకూ ఒక స్వరం ఉందనీ 'దే' దగ్గర ఏదో జారిందనీ, ఆ జారడమే జాలి అనీ తేల్చుకుంది. తర్వాత బూట్లు. ఆ వారమే, అడక్కుండానే కొత్త బూట్లు తెచ్చి గుమ్మంలో పెట్టాడు, మంచి రకం, లోపల మెత్త ఉన్నవి. ఏ మొగుడు ఊరికే బూట్లు తెస్తాడు? ఓదార్పు బూట్లు అవి. తర్వాత అంట్లు తోమడం మొదలుపెట్టాడు, తన వంతు కాని రోజుల్లో కూడా. తర్వాత అమ్మ ఫోను. ఐదో దిక్కు దాకా ఎందుకే, ఉన్న దిక్కుల్లో నీ తాళాలెక్కడ పారేశావో ముందు అది వెతుక్కో అని అమ్మ ఎత్తిపొడుస్తుంటే, ఉండవే నీకొకటి చెప్పాలి అనబోయింది ఆమె. పక్క గదిలోంచి అతని గొంతు, "ఇప్పుడే ఎందుకు?" అని. ఇప్పుడే ఎందుకు. తర్వాత ఎప్పుడూ చెప్పనక్కర్లేదు కనకేగా.

ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ లేదు. పేర్చి చూస్తే గుంపులు కడుతున్నాయి.

ఉప్పే అని తేలితే పైన గదిలో ఏమవుతుందో ఆమెకి తెలుసు. అయ్యో అంటారు, భుజం తడతారు, పెద్దావిడ గడియారం పెట్టేసుకుంటుంది. ఇంతకుముందోసారి తొట్టి ఏళ్ళ తరబడి ఏమీ చూడలేదని తేలిన రోజు ఆమె ఏడ్చింది, కడుపునిండా తింది, మర్నాడు పనికెళ్ళింది. అది తట్టుకోవచ్చు. ఇంట్లో ఏమవుతుందో అదే తెలియదు. ఆ మెరుపుల్ని తన చేతుల్తో పేర్చి పెట్టి, వాటి ముందు పెళ్ళాం గెంతుతుంటే చూసి పంపు తిప్పుకున్న మనిషితో మళ్ళీ ఒకే దుప్పటి కింద ఎలా పడుకోవడం? తప్పు అతనిది కాదు. రూలు. చెప్పకూడదు, చెప్పలేదు. అందరికంటే బాగా చెప్పకుండా ఉన్నాడు. కానీ ఇన్ని నెలలూ ప్రతి పూటా తన సంతోషాన్ని పైనుంచి చూస్తూ, పాపం అనుకుంటూ, కూర వడ్డిస్తూ... ఆ పాపం అనుకోవడాన్ని ఆమె వెనక్కి తిరిగి తుడిచేయలేదు. ఆ గెంతు ఎప్పటికీ అక్కడే ఉంటుంది, స్నానాల గది ముందు, చెప్పులతో.

"ఇంతకీ అది దొరికిందా అమ్మా, కనపడనిది?" పెద్దాయనకి మౌనం పడదు.

"ఇవాళ తెలుస్తుంది."

"ఎవరు చెప్తారు?"

ఆమె చీకట్లో పక్కకి వేలు చూపించింది, ఎవరికీ కనపడలేదు. "ఈయనే."

"మరి పక్కనే ఉన్నాడుగా. అడగండి."

"అడక్కూడదండీ. రూలు."

"మొగుణ్ణి అడగడానికి కూడా రూలా," పెద్దాయన గొంతులో నిజంగానే జాలి. "మా ఇంట్లో అయితే అడక్కముందే చెప్పేయాలి. చెప్పేలోపు ఆవిడకి ఎలాగూ తెలిసిపోతుంది."

తెలిసిపోతుంది. నాకూ తెలిసిపోయింది, ఇక అడిగితే ఏం, అనుకుంది. తలుపులు మూసేశారు, లెక్కలు ఎవరూ ముట్టుకోలేరు, ఇప్పుడు అడిగితే చెడేదేమీ లేదు, చెడేదల్లా తను నిలబెట్టుకున్న మాట ఒక్కటే. పైన అందరి ముందు, వెలుతుర్లో, తన మొహం చూస్తూ అతను చెప్పడం కంటే ఇక్కడే నయం. ఇక్కడ ఎవరి మొహమూ ఎవరికీ లేదు.

"ఉప్పేనా?" అంది.

నీటి బొట్టు పడింది. ఇంకోటి పడింది.

"నాకు తెలియదు," అన్నాడు అతను.

"అబద్ధం."

"నిజంగా తెలియదు. నేను చూడలేదు."

"ఉప్పేసినవాడివి నువ్వు."

"కంప్యూటర్ని పాచికలు వెయ్యమన్నా. ఉప్పు ఎక్కడ వెయ్యాలో, ఎంత వెయ్యాలో, అసలు వెయ్యాలో వద్దో కూడా. అది వేసి మూట కట్టేసింది. మామూలుగా అయితే ఉప్పాయన ఒకసారి విప్పి చూసుకుంటాడు. నేను విప్పలేదు. పెద్దావిడకి చెప్పే చేశా, ఆవిడ సరేనంది."

"ఎందుకు?"

"ఎందుకేంటి, నీతో కాపురం చేస్తున్నా కదా. నాకు తెలిస్తే ఒక్క పూటలో నా మొహంలోంచి లాగేస్తావు. నీకు తెలియకూడదంటే నాకు తెలియకూడదు, ఇంకో దారేముంది?"

ఆమె నోరు తెరిచింది. మొత్తం సరంజామా నోటి దాకా వచ్చి అక్కడ తోసుకుంటోంది, ఏది ముందు వస్తుందో చూడాలి. "మరి ఆ రోజు మంచిదే అన్నావు?"

"ఏ రోజు?"

"మూడో మెట్టు రోజు. నేను గెంతాను. నువ్వు మంచిదే అన్నావు. అంతే అన్నావు."

"పళ్ళు తోముకుంటున్నాను," అన్నాడు. "నోరు తెరిస్తే నురగ నీ మీద పడేది."

"మరి బూట్లు?"

"పాతవి కారుతున్నాయి. నువ్వే అన్నావు, సాక్సు తడిసిపోతోందని."

"అంట్లు?"

"అంట్లేంటి?"

"అమ్మకి చెప్తుంటే ఇప్పుడే ఎందుకు అన్నావు."

"మీ అమ్మకి ఇవాళ చెప్తే రేపటికి మీ చుట్టాలందరికీ తెలుస్తుంది. అది నాకొక్కడికే తెలిసిన సంగతా?"

"నీ చెవి," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఏదైనా దాస్తే నీ ఎడమ చెవి ఎర్రబడుతుంది. పెళ్ళికి ముందు ఆ పార్కులో..."

"ఆ పార్కులోనా?" అన్నాడు. "దోమ కుట్టింది."

మూలన పెద్దాయన దగ్గాడు. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

ఆమె గుండెల మీంచి ఏదో దిగింది. పాపం అనుకోలేదు. ఆ గెంతు ఆమెకి తిరిగొచ్చేసింది, మచ్చ లేకుండా, చెప్పులతో సహా. నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఉండగానే ఇంకోటి వచ్చి దాన్ని పట్టుకుంది. అయితే ఆ మొహంలో ఏమీ లేదన్నమాట. ఇన్ని నెలలూ తను చూసింది ఉత్త మొహం, పళ్ళు తోముకునే, బూట్లు కొనే, అంట్లు తోమే మామూలు మొహం. అందులో తను స్వరాలు విన్నది, జారడాలు కొలిచింది, మాటనీ బూట్లనీ అంట్లనీ ఎడం ఎడంగా పేర్చి మెట్లు కట్టింది, ఆ మెట్లు ఎక్కి ఒక కాపురం కూలిపోవడం దాకా వెళ్ళొచ్చింది. ఏ అనుమానమూ రాలేదు. అంత శ్రద్ధగా, అంత ఓపిగ్గా, ఏమీ లేనిచోట. మరి ఆ తెర మీది మూడు బొడిపెల్నీ చూసిన కళ్ళు ఎవరివి? ఇవే కదా. ఆ లెక్కల్ని ఇంకో ఇద్దరు విడిగా చేసి చూశారు, వాళ్ళకీ అవే వచ్చాయి, కానీ ఇక్కడ చూడమని వేలు పెట్టి చూపించింది తనే. ఆ మెరుపులు తొట్టి గోడల్లోంచి కారే మురికివి కావచ్చు, మెరుపుల్ని పట్టే గొట్టాల్లో ఏదో ఒకటి వరస తప్పి ఉండొచ్చు. అవన్నీ చూశాం అనుకున్నారు. ఎంత గట్టిగా చూశారు, అవి ఉండకూడదని కోరుకుంటూ చూస్తే ఎంత గట్టిగా చూసినట్టు? కాలి గోరు గుర్తొచ్చింది. నిద్రపోతోంది అనుకున్నది ఎగిరొచ్చి పడింది. ఇప్పుడు అది తిరగబడిందేమో, ఎగిరొచ్చి పడుతుందనుకుంటున్నది నిజంగానే నిద్రపోతోందేమో, అసలు అక్కడ బొంగరమే లేదేమో.

చీకట్లో అతని చెయ్యి వచ్చి ఆమె జేబులో దూరింది, వేళ్ళు పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్నవి ఎవరివో తేల్చుకోబోయి, వద్దులే అనుకుని ఊరుకుంది.

"టీలు అయిపోయినట్టున్నాయి," అన్నాడు పెద్దాయన. బల్బు వెలిగింది, కేజ్ కదిలింది, పైనుంచి వెలుతురు ముందు బూడిదరంగులో, తర్వాత తెల్లగా వచ్చి వాళ్ళ మీద పడింది. ఆమె ఎటూ చూడలేదు, కింద తన బూట్లనే చూసుకుంది. మంచి బూట్లు. తడి లేదు.

మీటింగు గది వేడిగా ఉంది. అనుకున్నట్టే పెద్దావిడ గడియారం బల్ల మీద ఉంది. ఎవరో ఆమె చేతిలో బిస్కెట్ పెట్టారు, తినాలని లేకపోయినా నోటికి పనుంటుందని నోట్లో వేసుకుంది. అతను కూర్చున్నాడు, హెల్మెట్ తీయడం మర్చిపోయి హెల్మెట్‌తోనే కూర్చున్నాడు. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాడు. గోడ మీది తెరలో గీత ఉంది, మూడు బొడిపెలు ఉన్నాయి. ఇంకో మీట నొక్కితే కలిపిందంతా పోతుంది. అతను తలెత్తి ఆమె వైపు చూశాడు, ఏమీ తెలియని మనిషి చూసే చూపు అది, ఇన్నాళ్ళూ కూడా అదే చూపు, ఆమె ఇప్పుడు చూసింది. నొక్కాడు.

గీత చెరిగిపోయింది. కంప్యూటర్ మళ్ళీ గీసింది. ఎడమ నుంచి మెల్లగా, ఒక బొడిపె. ఎడం. ఇంకోటి. ఎడం. మూడోది. కింద ఒక వరస వచ్చింది, కలిపినవి సున్నా అని.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గది గోడలు పగిలేంత గోల. పాచిక ఏమీ వద్దని పడింది, ఉప్పు వెయ్యనే లేదు, అక్కడున్నది ఏదైనా కానీ ఎవరూ పెట్టింది మాత్రం కాదు. పెద్దావిడ గడియారాన్ని బల్ల మీంచి తోసేసింది, ఎవరో ఎవర్నో కావలించుకుంటున్నారు, కుర్చీ కిందపడింది. పడేసింది అతనే. మొహంలో ఏమీ కనపడని మనిషి, హెల్మెట్‌తో, రెండు చేతులూ ఎత్తి, మూడేసి వేళ్ళు చూపిస్తూ ఆమె ముందు నిలబడి గెంతుతున్నాడు. గచ్చు అదురుతోంది.

ఆమె తెర వైపు చూస్తోంది. ఎవరూ పెట్టలేదు. అయితే అది ఐదో దిక్కు, లేదా తొట్టి గోడ, లేదా నేను. ఉప్పు అయితే ఇవాళ్టితో అయిపోయేది. ఇప్పుడు గొట్టాలన్నీ విప్పాలి, తొట్టి ఖాళీ చేసి మళ్ళీ నింపాలి, ఇంకెవరో, తనని ఎరగనివాళ్ళు, ఇంకో గనిలో ఇంకో తొట్టి పెట్టి ఏమీ ఆశించకుండా చూడాలి. అంతవరకూ నిద్ర ఎక్కడిది.

"ఏమంటావ్?" అన్నాడు అతను, ఆయాసపడుతూ.

నోటినిండా బిస్కెట్.

"మంచిదే," అంది.

అతని చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆమె మొహంలోకి చూశాడు, ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. తర్వాత అతని చూపు మెల్లగా ఆమె చెవి మీదికి వెళ్ళింది.